కుట్టు కంటే ముందే మొదలయ్యే రక్షణ: మధుమేహం, సిజేరియన్ గాయం, ఒక చరిత్ర

సిజేరియన్ కాన్పు జరిగిందనగానే మన ఇళ్లలో కుట్ల గురించి అడుగుతారు. ఎన్ని పడ్డాయి, ఎప్పుడు విప్పుతారు, కరిగిపోయే దారమేనా అన్నవి సహజమైన ప్రశ్నలే. అయితే మధుమేహం ఉన్న తల్లి గాయం మానడంలో కుట్టు పాత్ర కొంత మాత్రమే. మిగిలిన పాఠాలను వైద్యశాస్త్రం ఒక్కొక్కటిగా, ఎంతో ప్రాణనష్టం తరువాత నేర్చుకొంది. ఆ క్రమం తెలిస్తే ఆసుపత్రిలో ఏమి అడగాలో, ఇంట్లో ఏమి గమనించాలో మనకు తేటపడుతుంది.

గర్భాశయాన్ని కుట్టని కాలం

19వ శతాబ్దంలో చాలాకాలం వరకు వైద్యులు బిడ్డను బయటకు తీసిన తరువాత పొట్ట గోడను కుట్టేవారే గాని, గర్భాశయాన్ని సాధారణంగా కుట్టేవారు కారు. అది తనంతట తానే ముడుచుకొని కోతను మూసివేస్తుందని వారి నమ్మకం. లోపల వేసిన దారాన్ని తిరిగి తీయలేము గనుక అదే చీముకు మూలమవుతుందని భయం. ఫలితంగా ఎక్కువమంది తల్లులు రక్తస్రావంతోనో, సూక్ష్మజీవుల దాడితోనో మరణించేవారు.

1876లో ఇటలీలోని పావియా నగరంలో ఎడ్వార్డో పోర్రో సిజేరియన్ చేసిన వెంటనే గర్భాశయాన్ని తొలగించి, తల్లినీ బిడ్డనూ కాపాడారు. ప్రాణం దక్కింది గాని ఆమెకు మళ్లీ తల్లి అయ్యే అవకాశం పోయింది. 1882లో లైప్‌జిగ్‌కు చెందిన మాక్స్ సేంగర్ వెండి తీగతో, పట్టుదారంతో గర్భాశయాన్ని పొరలు కలిపి కుట్టాలని ఒక గ్రంథంలో ప్రతిపాదించారు. గర్భాశయం నిలిచింది, తల్లుల మరణాలు తగ్గాయి.

ఆ కుట్టు నిలవడానికి వెనుక మరో ఇద్దరి కృషి ఉంది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింత జ్వరపు మరణాలను తగ్గించారు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధిచేసే పద్ధతిని ప్రకటించారు. శుభ్రత లేనిదే ఎంత నేర్పుగా వేసిన కుట్టయినా చీము పట్టేది.

ఇన్సులిన్ తెచ్చిన మార్పు

అదే 1882లో లండన్‌లో మాథ్యూస్ డంకన్ మధుమేహంతో గర్భం ధరించిన స్త్రీల గురించి ఒక వ్యాసం సమర్పించారు. అందులో తల్లుల మరణాలు, గర్భంలోనే శిశువుల మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో మధుమేహం ఉన్న స్త్రీ గర్భం దాల్చడమే అరుదు. దాల్చినా శస్త్రచికిత్స దాకా వెళ్లేవారు బహు కొద్దిమంది.

1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. దానితో మధుమేహ స్త్రీలు బతికారు, గర్భవతులయ్యారు. కాని నెలలు నిండే వేళ బిడ్డ హఠాత్తుగా కడుపులోనే మరణించే ప్రమాదం మిగిలిపోయింది. బోస్టన్‌లో ఈ తల్లులకు దశాబ్దాల పాటు వైద్యం చేసిన ప్రిసిల్లా వైట్, గడువుకు ముందే కాన్పు చేయించాలని సూచించారు. బిడ్డలు దక్కారు, సిజేరియన్లూ పెరిగాయి. అలా మధుమేహం, పొట్ట మీది కోత ఒకే దేహంలో తరచుగా కలవసాగాయి.

ఈ కలయిక ఎందుకు కష్టం? రక్తంలో చక్కెర పెరిగితే సూక్ష్మజీవులను చంపే తెల్లకణాల కదలిక, శక్తి మందగిస్తాయి. గాయాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ బలంగా అల్లుకోదు. స్థూలకాయం తోడైతే చర్మం కింది కొవ్వు పొరలో ఖాళీ ఏర్పడి, నీరు చేరి, గాయం విచ్చుకుంటుంది.

సమయం నేర్పిన పాఠం

1936లో లండన్‌లో లియొనార్డ్ కోల్‌బ్రుక్ సల్ఫా మందుతో బాలింత జ్వరాన్ని అదుపు చేశారు. తరువాత పెనిసిలిన్ వచ్చింది. మందు ఉంది గాని దాన్ని ఎప్పుడివ్వాలి? 1961లో అమెరికాలో జాన్ బర్క్ జంతువులపై చేసిన ప్రయోగాలు జవాబిచ్చాయి: సూక్ష్మజీవి గాయంలో చేరే సమయానికి మందు అప్పటికే కణజాలంలో ఉండాలి. మూడు గంటలు ఆలస్యమైతే ఇచ్చినా ప్రయోజనం లేదు.

అయినా సిజేరియన్‌లో బిడ్డకు మందు చేరుతుందన్న సంకోచంతో చాలాకాలం బొడ్డుతాడు కట్టిన తరువాతే ఇచ్చేవారు. 2010 ప్రాంతంలో గాని, కోతకు ముందు గంట లోపల ఇవ్వాలన్న సిఫార్సు స్థిరపడలేదు. దాదాపు 50 ఏళ్లు పట్టింది!

2016లో అమెరికాలో జరిగిన రెండు పరిశోధనలు మరికొంత వెలుగునిచ్చాయి. ఒకదానిలో చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్-ఆల్కహాల్‌తో శుద్ధిచేసినప్పుడు గాయపు ఇన్‌ఫెక్షన్ 4 శాతం, అయోడిన్-ఆల్కహాల్‌తో 7.3 శాతం. మరొకదానిలో నొప్పులు మొదలైన తరువాతనో, ఉమ్మనీరు పోయిన తరువాతనో సిజేరియన్ అయిన వారికి మామూలు మందుకు అజిత్రోమైసిన్ జోడిస్తే ఇన్‌ఫెక్షన్లు 12 శాతం నుంచి 6.1 శాతానికి తగ్గాయి.

కుట్టు విషయమూ తేలింది. కొవ్వు పొర 2 సెంటీమీటర్లు మించితే దాన్ని విడిగా కుట్టడం మేలు. చర్మానికి లోహపు పిన్నుల కంటే దారంతో కుడితే గాయం విచ్చుకోవడం తక్కువ.

మన ఇంటి దాకా

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి. దేశ సగటు 21.5 శాతమే. గర్భిణుల్లో మధుమేహమూ మనకు కొత్త కాదు. కనుక ఈ చరిత్ర మన కూతుళ్లకు, కోడళ్లకు సంబంధించినదే.

కాన్పుకు ముందు వారాల్లో చక్కెర అదుపులో ఉందా, కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారా అని వైద్యులను అడగండి. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీయకండి, ఆ గాట్లే సూక్ష్మజీవులకు ద్వారాలు. కాన్పయ్యాక ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది గనుక మోతాదును వైద్యులే సవరించాలి. బాలింతకు బెల్లంతో చేసే కాయం పెట్టే ముందు ఆమె చక్కెర స్థాయి ఎంతో చూడండి. పథ్యం పేరిట నీళ్లు, పప్పు, కూరలు తగ్గించకండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి.

చాలా ఇన్‌ఫెక్షన్లు ఇంటికి వచ్చిన తరువాతే బయటపడతాయి. గాయం చుట్టూ ఎరుపు వ్యాపించినా, చీము, దుర్వాసన, పెరిగే నొప్పి, అంచులు విచ్చుకోవడం, 100.4 డిగ్రీల జ్వరం కనిపించినా మరునాటి కోసం ఆగవద్దు. గర్భంతో వచ్చిన మధుమేహమైతే 6 నుంచి 12 వారాల మధ్య మళ్లీ చక్కెర పరీక్ష చేయించండి. కుట్లు మానినంత మాత్రాన మధుమేహం పోయిందని అనుకోకూడదు.