మంజికి జైపూర్‌లో దొరికిన చుట్టాలు

2008 ఆగస్టు. జైపూర్‌లో ఒక ఆసుపత్రి గది. జపాన్ నుంచి వచ్చిన ముసలామె ఒళ్లో నెల కూడా నిండని మనవరాలు. పేరు మంజి. బిడ్డకు ఆకలైతే ఎవరో ఒకామె వచ్చి పాలిస్తోంది. ఆమె తల్లీ కాదు, చుట్టమూ కాదు. ఆ గదిలో నాయనమ్మా ఆమే ఏం మాట్లాడుకున్నారో, అసలు ఏ భాషలో మాట్లాడుకున్నారో ఏ కాగితంలోనూ లేదు. బిడ్డ కడుపు మాత్రం నిండింది.

అంతకు ముందు ఏడాది మంజి తండ్రి డాక్టర్ యమదా భార్యతో కలిసి గుజరాత్‌లోని ఆణంద్‌కు వచ్చాడు. డాక్టర్ నయనా పటేల్ క్లినిక్ వల్ల ఆ ఊరికి సరొగసీలో, అంటే అద్దెగర్భంలో, అప్పటికే పేరుంది. అండం ఒక దాతది, మోసింది గుజరాతీ మహిళ. బిడ్డ కడుపులో ఉండగానే దంపతులు విడిపోయారు. 2008 జులై 25న ఆడపిల్ల పుట్టింది. మర్నాడే అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు. అక్కడి పరిస్థితి బాగాలేక పాపను జైపూర్‌కు తరలించారు.

అక్కడ మొదలైంది కాగితాల బాధ. మోసినామె ఒకరు, అండమిచ్చినామె ఒకరు, మొదట్లో బిడ్డ కావాలన్నామె ఇంకొకరు. ముగ్గురున్నా అమ్మ గడిలో రాయడానికి ఒక్క పేరూ లేదు. ఆణంద్ మున్సిపాలిటీ తండ్రి పేరుతోనే జనన పత్రం ఇచ్చింది. జపాన్ పాస్‌పోర్టు దొరకలేదు. పోనీ దత్తత తీసుకుందామంటే ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరాదన్న నిబంధన అడ్డొచ్చింది. సొంత కూతురినే దత్తత అడగాల్సి రావడం చూడండి! ఈలోగా వీసా గడువు తీరి తండ్రి వెళ్లిపోక తప్పలేదు. నాయనమ్మ ఉండిపోయింది. పసిపిల్లల వ్యాపారం అంటూ ఒక సంస్థ రాజస్థాన్ హైకోర్టుకు పోతే, ఆమె సుప్రీంకోర్టు తలుపు తట్టింది. సెప్టెంబరు 29న జస్టిస్ అరిజిత్ పసాయత్ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఫిర్యాదులుంటే బాలల హక్కుల కమిషన్‌కు పొమ్మంది. నవంబరు మొదట్లో గుర్తింపు పత్రం పట్టుకుని మంజి జపాన్ విమానం ఎక్కింది.

పొడిపొడిగా నడిచే ఆ తీర్పులో ఒక అరవాక్యం ఉంది: జైపూర్‌లో పాపకు ఒక మహిళ పాలిస్తోందని. నాకు మిగతా తీర్పంతా ఒకెత్తు, అది ఒకెత్తు.

ఈ కథ నంద్యాల, ఆళ్లగడ్డ పాఠకులకు ఎందుకంటే, ఇప్పుడు విమానం దిశ మారింది. 2015 నవంబరులో విదేశీయులకు ఇక్కడ సరొగసీ ఆగిపోయింది. 2022 జనవరి 25 నుంచి మనవాళ్లకూ కొత్త చట్టం వచ్చింది. వైద్య ఖర్చులు, బీమా తప్ప మోసినామెకు డబ్బివ్వకూడదు. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లుండాలి. పైసా ఆశించకుండా మోసేవారు ఎవరున్నారని వెతికి వెతికి, చివరికి కొందరు బయటి దేశాల వైపు చూస్తారు.

మా వైపు పిల్లల కోసం మహానందికి పోతే ఊరంతా తెలుసు. అహోబిలంలో మొక్కుకుంటే పక్కింటామె టెంకాయ పంపిస్తుంది. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మాత్రం "అక్క వాళ్లింటికి పోతాండాం" అంటారు. పెండ్లిలో ఎవరో ఒకరు "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" అంటారు, ఆమె నవ్వేసి వంటింట్లోకి పోతుంది. ఇక సరొగసీ మాట బయటికి వస్తుందా? "ఎవురికీ చెప్పొద్దు" అన్న ఆ గుట్టే ఏజెంటుకు పెట్టుబడి. సంగతి తెలిసిన ఒకే ఒక్కడు అతనే అవుతాడు. ధర చెప్తాడు, ప్యాకేజీ చెప్తాడు. బిడ్డ పుట్టాక ఎన్ని వారాలు అక్కడే ఉండాలో, ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో చెప్పడు.

దేశాలు ఉన్నట్టుండి తలుపులు మూసేస్తాయి. థాయిలాండ్, నేపాల్ రెండూ 2015లో విదేశీయులకు మూసేశాయి. 2020లో కరోనాకు సరిహద్దులు మూతపడితే, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఒక హోటల్లో పదుల సంఖ్యలో పసికందులు అమ్మానాన్నల కోసం ఎదురుచూశారు. మన పౌరులకు బయటి దేశంలో పుట్టిన బిడ్డ వివరాలు ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు కావాలి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. ఇవన్నీ లాయరు చెప్పగలడు. అర్ధరాత్రి అద్దె గదిలో బిడ్డ ఏడుపు ఆపకపోతే, కాన్సులేట్ నుంచి కబురు రాకపోతే ఏం చేశారో చెప్పగలిగేది, ఆ గదిలో ఉండి వచ్చిన ఇంకో అమ్మే, ఇంకో నాన్నే.

కాబట్టి ఒక మనవి. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఆ దారిన బిడ్డను తెచ్చుకున్నవారుంటే, అడిగినవాళ్లకు ఒక పూట కూర్చుని చెప్పండి. పేరు చెప్పుకోనక్కర్లేదు. మంజికి పాలిచ్చినామె పేరు కూడా ఆ తీర్పులో లేదు.