కంట్రోల్ ఆర్మ్

కారు చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే లోహపు చేయి. ఒక చివర రబ్బరు బుష్‌లు, మరో చివర బాల్ జాయింట్ ఉంటాయి. చక్రం పైకీ కిందికీ కదులుతున్నా అటూ ఇటూ తప్పిపోకుండా ఇది పట్టి ఉంచుతుంది. మన మెకానిక్‌లు కింది దాన్ని 'లోయర్ ఆర్మ్' అంటారు.

పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్‌కు ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాలు), దాని కింద ఒక్కో ఆర్మ్ ఉంటాయి. పాత ప్రీమియర్ పద్మినికి ముందు చక్రాల దగ్గర పైనొకటి, కిందొకటి. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారుకైతే నాలుగు చక్రాలకూ జంట ఆర్మ్‌లే.

పాత స్పోర్ట్స్ కార్లకు బయటి కంపెనీలు చేసే ఆర్మ్‌లకు గిరాకీ రావడానికి కారణం కొలతే. స్ప్రింగులు మార్చి కారును కిందికి దించితే చక్రాల వాలు, అంటే క్యాంబర్, మారి టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. పొడవు సవరించుకునే ఉక్కు గొట్టపు ఆర్మ్‌లతో ఆ వాలును సరిచేయవచ్చు. 1969 నాటి డాట్సన్ 240జెడ్‌కు ఇవి నేటికీ దొరుకుతాయి. బుష్ స్థానంలో లోహపు కీలు, అంటే రాడ్ ఎండ్, వేస్తే స్టీరింగ్ పదునెక్కుతుంది గానీ ఆ కీలు దుమ్ముకు త్వరగా వదులై టకటక మోగుతుంది. అనంతపురం పల్లె దారులకు రబ్బరే మేలు.

బిగింపులో ఒక జాగ్రత్త ప్రాణప్రదం: కారు బరువు చక్రాల మీద ఉండగానే బుష్ బోల్టులను పూర్తిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి చిరిగిపోతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.