బొమ్మ తేటపడిన కథ

మొన్న ఊరెళ్ళినప్పుడు బీరువా అడుగున మా నాన్నగారి పాత ఎక్స్‌రే ఫిల్మొకటి దొరికింది. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. పక్కటెముకలు కనిపిస్తున్నాయి గానీ అంచులన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. ఈ మధ్య తీయించినదాన్ని సీడీలో ఇచ్చారు, అదేమో అద్దంలా ఉంది. "అప్పటి మిషన్లు మంచివి కావురా" అని తేల్చేశారు నాన్నగారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం కోసం వెతుకుతూ పోతే పెద్ద కథే తగిలింది. రోజూ పిక్సెళ్ళతో కుస్తీపట్టే ఉద్యోగం కదా, చదవడం ఆపలేకపోయాను.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాల్ని కనిపెట్టాడు. డిసెంబరు 22న భార్య చేతిని ఫొటో పలకమీద పెట్టించి బొమ్మ తీశాడు. వేలికి ఉంగరంతో ఉండే ఆ బొమ్మ మీరూ చూసే ఉంటారు. దానికి పావుగంట పట్టిందంటారు. అంతసేపు చెయ్యి కదపకుండా ఎవరుండగలరు? బొమ్మ చెడడానికి మొట్టమొదటి కారణం ఈ కదలికే. ఇప్పటికీ "ఊపిరి బిగపట్టండి" అనేది అందుకే.

1896 మొదట్లోనే దీనికో విరుగుడు దొరికింది. న్యూయార్కులో మైకేల్ ప్యుపిన్ అనే ప్రొఫెసరు, తుపాకి రవ్వలు దిగబడిన ఒకాయన చేతిని తీయాల్సొచ్చి, కిరణాలు తగిలితే మెరిసే తెరనొకదాన్ని పలకకి ఆనించాడు. చాలాసేపు పట్టే పని సెకన్లలో ఐపోయింది. ఐతే తెరలో పుట్టిన వెలుగు పక్కలకి కాస్త చెదురుతుంది, అంచులు మెత్తబడతాయి. వేగం కావాలంటే పదును కొంత వదులుకోవాలన్నమాట. (మన ప్రాజెక్టుల్లో డెడ్‌లైనుకీ క్వాలిటీకీ ఉండే సంబంధమే!)

అసలు తలనొప్పి ట్యూబులతో వచ్చింది. అప్పటి ట్యూబుల్లో కొంచెం గాలి మిగిలుండేది, వాడేకొద్దీ దాని పీడనం మారిపోయేది. నిన్న బాగా వచ్చిన బొమ్మ ఇవాళ వెలవెలబోయేది. మరి ట్యూబు ఇవాళ ఎలా ఉందో తెలిసేదెలా? ఆపరేటరు తన చేతినే ట్యూబుకీ తెరకీ మధ్య అడ్డంపెట్టి, ఎముకలు ఎంత తేటగా కనిపిస్తున్నాయో చూసుకునేవాడు. రోజుకి ఎన్నోసార్లు, యేళ్ళ తరబడి. టెస్టింగు పరికరం సొంత చెయ్యి! ముందు చర్మం కమిలేది, తరవాత పుండ్లు, ఆనక కాన్సరు. ఎడిసన్ దగ్గర ఈ ప్రయోగాలు చేసిన క్లారెన్స్ డాలీకి రెండు చేతులూ తీసేయాల్సొచ్చింది, ఐనా బతకలేదు. 1904లో, నలభై నిండకుండానే పోయాడు. ఎడిసన్ ఆ పని మొత్తం మానేశాడు. ఇలా పోయినవాళ్ళ పేర్లతో 1936లో హాంబర్గ్‌లో ఒక స్మారకం కట్టారు. మొదటిరోజునే దానిమీద నూట అరవైకి పైగా పేర్లున్నాయి.

ఈ గొడవకి 1913లో అమెరికాలో విలియం కూలిడ్జ్ ముగింపు పలికాడు. గాలి పూర్తిగా తీసేసి, వేడెక్కిన టంగ్‌స్టన్ తీగనుంచి ఎలక్ట్రాన్లు వచ్చేలా ట్యూబు చేశాడు. తీగ వేడి పెంచితే కిరణాలు ఎక్కువొస్తాయి, వోల్టేజి పెంచితే వాటి చొచ్చుకుపోయే శక్తి పెరుగుతుంది. రెండు మీటలు, దేని పని దానిదే. ఇవాళ సెట్టింగు నిన్నటిలాగే పనిచేస్తుంది కాబట్టి చెయ్యి అడ్డంపెట్టాల్సిన అవసరం పోయింది. నన్నడిగితే రాంట్‌జెన్ తరవాత దండం పెట్టాల్సింది ఈయనకే.

అదే 1913లో బెర్లిన్‌లో గుస్టావ్ బకీ ఇంకో శత్రువుని పట్టుకున్నాడు. కిరణాలు ఒంట్లో తగిలి దారి తప్పి నానా దిక్కులకీ చెదురుతాయి. పొట్టలాంటి దళసరి భాగాల్లోనైతే నేరుగా వచ్చేవాటికంటే చెదిరినవే ఎక్కువ. పొగమంచులో హెడ్‌లైటు వేసినట్టు బొమ్మంతా తెల్లబారిపోతుంది. బకీ మధ్యలో సీసపు జాలీ పెట్టాడు. తిన్నగా వచ్చినవి దాటుతాయి, వంకరగా వచ్చినవి ఆగిపోతాయి. కానీ ఆ జాలీ గీతలు బొమ్మమీద పడేవి! షికాగోలో హాలిస్ పాటర్ జాలీని సన్నటి బద్దీలుగా మార్చి, బొమ్మ తీస్తున్నంతసేపూ కదిలేట్టు చేస్తే గీతలు మాయమయ్యాయి. మన ఆసుపత్రుల్లో టెక్నీషియన్లు ఎక్స్‌రే బల్లని "బకీ" అనడం ఇందుకే. జాలీ మంచి కిరణాల్నీ కొన్నిటిని మింగేస్తుంది కనక రోగికి రెట్టింపు నుంచి ఐదారు రెట్ల దాకా ఎక్కువ డోసు ఇవ్వాలి. బొమ్మ తేటపడింది, లెక్క రోగి ఖాతాలో పడింది.

దూరం సంగతి తేలికే. ట్యూబు ఎంత దూరంగా, మనిషి పలకకి ఎంత దగ్గరగా ఉంటే నీడ అంత పదును. ఛాతీని పలకకి ఆనించి, ట్యూబుని ఆరడుగుల దూరంలో వీపువైపు పెట్టేది గుండె నీడ పెద్దదై మోసం చెయ్యకుండా.

ఇహ డిజిటల్. 1983లో ఫూజీ మొదటి మిషన్ని అమ్మకానికి తెచ్చింది. ఫిల్ముకో మంచి గుణం ఉండేది: డోసు ఎక్కువైతే నల్లగా మాడిపోయేది, తప్పు ఎవరికైనా కళ్ళెదుటే కనిపించేది. డిజిటల్లో సాఫ్ట్‌వేరు వెలుగునీడల్ని సరిచేసేస్తుంది. డోసు తగ్గితే బొమ్మ గరగరలాడుతుంది, రేడియాలజిస్టు విసుక్కుంటాడు. పెరిగితే ఇంకా నున్నగా వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. గరగర సగానికి తగ్గాలంటే డోసు నాలుగు రెట్లు కావాలి. అలా ఎవరికీ దురుద్దేశం లేకుండానే డోసు మెల్లగా పైకి పాకుతూ పోయింది. తప్పుని దాచిపెట్టింది మన జాతివాళ్ళు రాసిన కోడే మరి. అందుకే 2008లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి తెచ్చారు. ఉండాల్సినదానికి డోసు ఎంత అటూఇటూ అయిందో ఒక అంకెలో చెప్తుంది. సున్నా ఐతే సరిగ్గా ఉన్నట్టు, మూడు ఐతే రెట్టింపు.

ఇంత చదివాక ఊరుకుంటానా, నాన్నగారి సీడీలో ఫైలు తెరిచి ఆ అంకె వెతికాను. ఆయన పేరుంది, వయసుంది, వోల్టేజి ఉంది. ఆ అంకె ఉండాల్సిన గడి మాత్రం ఖాళీ. పాత ఫిల్ము మళ్ళీ బీరువాలో పెట్టేశాను. మీ ఇంట్లో అలాంటి సీడీలుంటే తెరిచి చూసి, మీకు ఏమని ఉందో చెప్పండి.