వేతనము, వసతి

పేద విద్యార్థికి ఫీజు దొరికినంత మాత్రమున చదువు దొరికినదని తలచుట పొరపాటు. బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు అంబేడ్కరుకు చేసిన సహాయమే ఇందుకు నిదర్శనము. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుచుండగా నెలకు 25 రూపాయలు. 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపినపుడు మూడేండ్లపాటు నెలకు 11½ పౌనులు. చదువు ముగించి పదేండ్లు సంస్థానమున కొలువు చేయవలెనని ఒప్పందము. ఉపకార వేతనమని పేరేగాని, ఇందులో ఋణపు ఛాయ లేకపోలేదు.

1917లో గడువు తీరగా, లండనులో సాగుచున్న చదువును నడుమ విడిచి, మాట ప్రకారము బరోడా చేరిన ఆ పట్టభద్రునికి ఊరిలో అద్దెకు గది దొరకలేదు. పారసీ పేరు చెప్పుకొని పారసీల సత్రమున తలదాచుకొనెను. కొన్నాళ్లకు కర్రలు చేతబట్టి కొందరు వచ్చి వెళ్లగొట్టిరి. అంత చదువు చెప్పించిన ప్రభుత్వము ఒక గది చూపలేకపోయెను!

ఈ లోటును ముందే కనిపెట్టినవాడు కొల్హాపురపు శాహూ మహారాజు. పల్లెనుండి వచ్చిన బాలునికి బడితోపాటు పట్టెడన్నమును, పడుకొనుటకు చోటును కావలెనని 1901 నుండి ఒక్కొక్క కులమునకు వసతిగృహములు నెలకొల్పుచు వచ్చెను. కులమువారీగా గాక మరొక తీరున ఆనాడు అవి నిలిచెడివా యన్నది సందేహమే. తాను కూడబెట్టిన సొమ్ము, మిత్రుని అప్పు, శాహూ సహాయము కలుపుకొని అంబేడ్కరు 1920లో మరల లండను చేరి, విడిచిన చదువు నందుకొనెను.