పెద్దాయన పోయాక పట్టా ఎవరి పేరిట? మనుబోలు వారసులు తెలుసుకోవాల్సినవి

మనుబోలు మండలంలో ఇంటి పెద్ద చనిపోయాక డీకేటీ పట్టా ఆయన పేరిటే ఉండిపోతే నష్టం కుటుంబానిదే. పంట రుణమైనా పరిహారమైనా రికార్డులో పేరు చూసే ఇస్తారు. అసైన్డ్ భూమి వారసులకు సంక్రమిస్తుంది. ఆ హక్కును కాగితం మీదికి ఎక్కించుకోవాలని మేం కోరుతున్నాం.

‘ముందు ప్రొబేట్ తెచ్చుకోండి’ అంటే బెదరొద్దు. వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. నెల్లూరు జిల్లాలో హిందువులకు అది తప్పనిసరి కాదు. 2002 సవరణతో క్రైస్తవులకూ మినహాయింపు వచ్చింది. వీలునామా లేనిచోట ఆ మాటే రాదు.

వీలునామా లేకుంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు సమాన వారసులు. క్రైస్తవులకు 1925 చట్టం వర్తిస్తుంది: భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. పెళ్లైన ఆడబిడ్డల పేర్లు వదిలేయొద్దు. తగాదా అక్కడే పుడుతుంది.

చేయాల్సినవి:
1. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి.
2. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి.
3. పట్టా, 1బి నకళ్లతో 90 రోజుల్లో తహసీల్దారుకు మ్యుటేషన్ దరఖాస్తు ఇవ్వాలి. గడువు దాటినా వారసత్వ హక్కు పోదు.

ఫైలు కదలకపోతే:
- రసీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వొద్దు.
- సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి.
- ఫైలు ఎవరి దగ్గరుందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.
- తిరస్కరిస్తే 60 రోజుల్లో ఆర్డీవోకు అప్పీలు చేయండి.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. దళారికి డబ్బు కట్టే ముందు ఆ గడప తొక్కండి.