కాశీబుగ్గలో ఏ హోటల్ బాగుంటుంది?

ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "పలాస మీదుగా వెళ్తున్నాం, కాశీబుగ్గలో దిగితే ఏ హోటల్లో తినమంటావ్?" అని. నేను చరిత్ర వీడియోలు చేసుకునేవాణ్ణి, ఫుడ్ వ్లాగర్ని కాదు. పైగా పేరు చెప్తే యాడ్ తీసుకున్నాడంటారు. కానీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్ళక తప్పదనిపించింది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు పొద్దున్న ప్లేటు చూద్దాం. కాశీబుగ్గలో ఏ పాత టిఫిన్ హోటల్లోనైనా కూర్చోండి. రెండు పూరీలు, పక్కనే ఒక గరిటె ఉప్మా, రెండూ ఒకే ప్లేటులో వస్తాయి. విజయవాడ నుంచి వచ్చిన నా ఫ్రెండ్ ఒకడు "నేను పూరీ ఒక్కటే చెప్పాను కదా" అని సర్వర్‌తో గొడవ పెట్టుకున్నాడు. పొరపాటు కాదురా బాబూ, ఇక్కడ అదే పద్ధతి. ఇదే జంట మీకు మళ్ళీ బరంపురంలో కనిపిస్తుంది. అంటే ఒడిశాలో. రాష్ట్రం మారింది గాని ప్లేటు మారలేదు.

ఎందుకంటే ప్లేటు ముందు వచ్చింది, రాష్ట్రం తర్వాత వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, బరంపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒకే జిల్లా. గంజాం జిల్లా. పెద్ద వ్యాపారం చేయాలంటే బరంపురమే దిక్కు. 1936లో గీత గీశాక బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్ళాయి, మనం ఇటు విశాఖపట్నం జిల్లాలో కలిశాం. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. ఆ గీత మనుషుల్ని ఎంత కోసిందో చెప్పడానికి గిడుగు రామమూర్తి గారొక్కరు చాలు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన మనిషి. ఆ ఊరు ఒరిస్సాకి పోతుందని తెలిసి 1936లో ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. గిడుగు గారు వెళ్ళిపోయారు గాని, పూరీ-ఉప్మా మాత్రం రెండు వైపులా ఉండిపోయింది.

మాటల్లో కూడా చూడండి. గోదావరి జిల్లాల్లో మరమరాలు, రాయలసీమలో బొరుగులు. మన ఉత్తరాంధ్రలో మురీలు. సాయంత్రం బండి దగ్గర తినేది మురీ మిక్చర్. ఒడియాలో ముఢి, బెంగాలీలో ముడి, మనది మురీ. ఇది రైలెక్కి వచ్చిందా, అంతకు ముందే ఉందా అని నేను పందెం కాయను. కానీ రైలు సంగతి మాత్రం ఖాయంగా చెప్పగలను.

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని, బెజవాడ నుంచి కటకం దాకా 1893-96 మధ్య లైను వేశారు. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వెళ్ళింది. పలాస ఆ భాగంలోదే. అంటే మన స్టేషను మీద కలకత్తా గాలి అప్పట్నుంచే. మరోపక్క 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. రెండున్నర అడుగుల గేజి. 1931లో గుణుపూర్ దాకా పెంచారు. టెక్కలి దాని దారిలోనే ఉంది. కొండమీది చింతపండు, పసుపు దిగడానికీ, నౌపడ ఉప్పు, ఎండుచేప ఎక్కడానికీ దారి దొరికింది. 2004లో ఆ చిన్న రైలు ఆగింది, 2011లో అదే దారిలో బ్రాడ్ గేజి వచ్చింది.

హోటల్ అనేది అసలు ఎవరికి కావాలి? ఇంట్లో వండుకునే అవకాశం లేనివాడికి. బండి మారేవాడికి, కోర్టు వాయిదాకి వచ్చినవాడికి, సంతకి సరుకు తెచ్చినవాడికి. ఇప్పటికీ విశాఖ నుంచి వచ్చే ప్యాసింజర్ పలాసలోనే ఆగిపోతుంది. దిగినవాళ్ళు ఏదో ఒకటి తినాలి. అదీ ఇక్కడి హోటళ్ళ పుట్టుక. ఇంకో మాట. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో హోటలంటే కులం కూడా. ఎవరు ఏ గదిలో కూర్చోవాలో రాసి ఉండేది. ఇవాళ పక్కపక్కన కూర్చుని పూరీ-ఉప్మా తింటున్నామంటే అది మామూలు విషయమేం కాదు.

సరే, పలాస అనగానే జీడిపప్పు రాకుండా ఎలా ఉంటుంది? అసలు ఈ చెట్టు మనది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చారు. మన చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్ల జీడి ముందే ఉంది. కొత్త గింజలో కూడా అలాంటి మంట పుట్టించే రసమే కనిపించింది, ఆకు కాయ మామిడిని తలపించాయి. దాంతో జీడిమామిడి అని పేరు పెట్టేశారు. భలే ఇంజనీరింగ్ కదా. ఉన్న రెండు పేర్లు కలిపి మూడోది తయారుచేశారు.

ఆ రసమే పని చేసేవాళ్ళ వేళ్ళు తినేస్తుంది. పిక్కని కాల్చి లేదా ఆవిరి పట్టి, కొట్టి, పప్పు తీసి, ఎండబెట్టి, పొర ఒలిచి, సైజుల వారీగా ఏరాలి. డబ్బా మీద 320 అని ఉంటుంది చూశారా, ఒక పౌనుకి సుమారు 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని అర్థం. 180 అయితే ఇంకా పెద్ద పప్పు, ఇంకా పెద్ద ధర. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఉద్దానం పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు వస్తున్నాయి. అంటే కాశీబుగ్గ బజార్లో కొన్న పప్పు ఏ దేశంలో కాసిందో చెప్పడం కష్టం, కానీ ఒలిచిన చెయ్యి మాత్రం పలాసదే.

ఇప్పుడు హోటల్ బోర్డుల మీద జీడిపప్పు బిర్యానీ, జీడిపప్పు కోడికూర అని కనిపిస్తున్నాయి. రాత్రి పూట వచ్చే టూరిస్టులకి, వ్యాపారులకి. పొద్దున్న ఆరింటికి పనికి వెళ్తూ పొట్లం కట్టించుకునే అమ్మలు తీసుకెళ్ళే ఉప్మాలో ఒక్క పప్పు కూడా ఉండదు. నేను చూశాను.

ఇక ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, కొబ్బరి, జీడి, పనస. ఇక్కడ తిండి హోటల్లో కంటే పెళ్ళిలోనే బాగుంటుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర పెళ్ళిలోనే తినాలి. మందస కోవా మాత్రం కొనుక్కుని తినొచ్చు, దాని గురించి నేను ఎక్కువ మాట్లాడను, మాట్లాడితే ఎపిసోడ్ ఆపి వెళ్ళి కొనుక్కుంటాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరం మీదే ఒడ్డు దాటింది. ఒక్క పూటలో తోటలు పడుకున్నాయి. కొబ్బరి మొక్క నాటితే సరిగ్గా కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అప్పుడు నాటినవి ఈ మధ్యనే కాయడం మొదలుపెట్టాయి.

తుఫాను కంటే ముందు నుంచీ ఉన్నది కిడ్నీ జబ్బు. దీనికి ఇదీ కారణం అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే. హోటల్ వీడియోలో ఇదెందుకు అంటారా? జబ్బు ముదిరినవాళ్ళకి డాక్టరు ఇచ్చే చీటీ ఒకసారి చదవండి. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్ళు వద్దు, పనసపండు వద్దు. ఉప్పు ఎక్కువని ఎండుచేప వద్దు, పచ్చడి వద్దు. ఉద్దానంలో పుట్టినవాడికి ఇంకేం మిగిలింది?

మా ఊళ్ళో నాకు వరసకి చిన్నాన్న ఒకాయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తాడు. ఒకసారి నేనే బండి మీద తీసుకొచ్చాను. అయ్యాక ఒక చిన్న టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్ళాడు. నాలుగు బల్లలు, బోర్డు కూడా సరిగా లేదు. ఏం కావాలని ఎవరూ అడగలేదు. రెండు ఇడ్లీలు వచ్చాయి, కొబ్బరి చట్నీ లేదు, సాంబారు లేదు, పక్కన కాస్త పంచదార. నాకు పెద్ద గ్లాసుతో నీళ్ళు పెట్టిన అబ్బాయి ఆయనకి మాత్రం టీ గ్లాసులో సగం పోశాడు. రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చో డాక్టరు కొలత చెప్తాడు కదా, అది ఆ అబ్బాయికి తెలుసు. "ఇక్కడికి నాలాటోళ్ళు చానామంది వత్తారురా" అన్నాడు చిన్నాన్న.

పూరీ-ఉప్మా అక్కడ మామూలుగానే ఉంటుంది, కాఫీ కాస్త పల్చన. ఏ హోటల్ బాగుంటుందని ఈసారి అడిగితే ఆ సందు చూపిస్తాను.