ఉప్పల్–నాచారం ప్రాంతంలో ఆర్థిక ప్రపంచీకరణ

సరుకులు, సేవలు, పెట్టుబడి, పరిజ్ఞానం, పనివాళ్లు దేశాల ఎల్లలు దాటడం పెరిగి, ఒక ఊరి బతుకుతెరువు దూరదేశపు నిర్ణయాలతో ముడిపడటాన్ని ఆర్థిక ప్రపంచీకరణ అంటారు. హైదరాబాద్ తూర్పు దిక్కున నాగోల్, ఉప్పల్, హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్, మౌలాలి ప్రాంతాల్లో దాని ఎదుగుదలనూ ఒడిదుడుకులనూ దగ్గరగా చూడవచ్చు. ఇక్కడ అది 1991 ఆర్థిక సంస్కరణలతో హఠాత్తుగా ఊడిపడలేదు. దానికి కావలసిన చదువునూ పనితనాన్నీ అంతకుముందే ప్రభుత్వ సంస్థలు సమకూర్చిపెట్టాయి.

పూర్వరంగం

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే బాట నాగోల్‌కు ఆగ్నేయంగా ఉన్న హయత్‌నగర్ మీదుగా సాగేది. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఆ రేవుకు చేరి కోస్తా నేతబట్టలు కొన్నారు. 19వ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి అదే నేతను దెబ్బతీసింది. ప్రపంచ వాణిజ్యంలో ఆ దశ 1914లో మొదలైన యుద్ధంతో ముగిసింది.

స్వాతంత్ర్యం తర్వాత దేశం దిగుమతులను కట్టడి చేసి సొంత పరిశ్రమలు పెట్టుకుంది. ఈ తూర్పు వాడల్లో ఈసీఐఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, తర్వాత హెచ్ఎంటీ బేరింగ్స్‌గా మారిన కర్మాగారం వెలిశాయి. తార్నాక–హబ్సిగూడ రోడ్డు వెంట ఐఐసీటీ (రసాయన సాంకేతికత), ఎన్జీఆర్ఐ (భూభౌతికశాస్త్రం), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్రం) పరిశోధనశాలలు ఏర్పడ్డాయి.

మందుల దారి

ఈ ప్రాంతానికి ప్రపంచంలో పేరు తెచ్చింది రసాయనశాస్త్రం. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాకుండా దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. దాంతో కొత్త పద్ధతి కనుక్కున్నవారు అదే మందును చవకగా తయారుచేయగలిగారు. ఎ.వి. రామారావు సంచాలకుడిగా ఉన్న రోజుల్లో ఐఐసీటీ ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ తయారీ పద్ధతిని రూపొందించి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. 1990ల మొదట్లో ఆ మందు బజారులోకి వచ్చింది. 2001లో సిప్లా మూడు మందుల ఎయిడ్స్ చికిత్సను రోగికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించినప్పుడు, అమెరికా, ఐరోపాల్లో దానికి పది వేల డాలర్లకు పైగా అయ్యేది. ప్రపంచీకరణ లక్షల ప్రాణాలు నిలిపిందని చెప్పగలిగితే, అందులో తార్నాక ప్రయోగశాలకు వాటా ఉంది.

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. దాని ఒప్పందం ప్రకారం భారత్ 2005 నుంచి మందులకే పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. ఆ మలుపులో నాచారం వేరే దారి పట్టింది. విదేశీ కంపెనీలకు అణువులు తయారుచేసి, పరీక్షించి ఇచ్చే ఒప్పంద పరిశోధన ఇక్కడ పెరిగింది. రామారావు 1995లో అవ్రా లాబొరేటరీస్ స్థాపించారు. 2001లో మొదలైన జీవీకే బయో 2021లో అరాజెన్‌గా పేరు మార్చుకుంది.

ఈ ముడి ఎంత బిగువైందో 2015లో తెలిసింది. జీవీకే బయో హైదరాబాద్ కేంద్రంలోని ఈసీజీ సమాచారంపై ఫ్రెంచి తనిఖీదారులు అభ్యంతరం చెప్పారు. ఆ పరీక్షల ఆధారంగా అనుమతి పొందిన సుమారు 700 రకాల మందుల అమ్మకాన్ని ఐరోపా సమాఖ్య నిలిపివేసింది. వాటివల్ల హాని జరిగిందనడానికి ఆధారం లేదని ఐరోపా మందుల సంస్థే చెప్పింది. అయినా నిషేధం ఆగలేదు. నిరసనగా ఆగస్టులో భారత్ సమాఖ్యతో వాణిజ్య చర్చలను వాయిదా వేసింది. అవి మళ్లీ మొదలయ్యింది 2022 జూన్‌లో.

సేవలు, రైలు

జీఈ సంస్థ 1997లో భారత్‌లో మొదలుపెట్టిన సేవా విభాగం 2005లో విడివడి జెన్‌ప్యాక్ట్ అయింది. ఉప్పల్ పారిశ్రామికవాడలో దాని ప్రాంగణం ఉంది. అయినా ఐటీ ఉద్యోగాలు ఎక్కువగా పడమరకే పోయాయి. 2017 నవంబరు 28న ప్రారంభమై, 2019లో రాయదుర్గం దాకా సాగిన నాగోల్ మెట్రో ఆ రెండు దిక్కులనూ కలిపింది. దాని పెట్టెలు దక్షిణ కొరియా హ్యుందాయ్ రోటెమ్ తయారీ. 2020లో రాష్ట్రం ఐటీని నగరమంతా విస్తరించే గ్రిడ్ విధానంతో దాన్ని తూర్పుకు మళ్లించబూనింది.

వెనకడుగు

ప్రపంచ ఉత్పత్తిలో వాణిజ్యపు వాటా 2008 దాకా పెరిగింది. ఆ తర్వాత దాదాపు అక్కడే నిలిచింది. వాణిజ్యం కుప్పకూలలేదు గానీ, దాని మీద నమ్మకం సడలింది. 2020 మార్చిలో కరోనా భయంతో భారతదేశమే పారాసిటమాల్ సహా 26 ముడిమందులు, మందుల ఎగుమతిని కట్టడి చేసింది. ముడిమందుల కోసం చైనా మీద ఎంతగా ఆధారపడ్డామో అప్పుడే అందరికీ అర్థమైంది. అదే నెల కేంద్రం వాటి దేశీయ తయారీకి రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది.

2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. జనరిక్ మందులను మినహాయించడం హైదరాబాద్‌కు ఊరట. కానీ సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించడం అమెరికా మీద ఆశపెట్టుకున్న తెలుగు కుటుంబాలకు నేరుగా తగిలింది.

పర్యవసానాలు

లాభం అందరికీ సమానంగా దక్కలేదు. పోటీకి నిలవలేని హెచ్ఎంటీ బేరింగ్స్ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. నగరానికి పడమరనున్న పటాన్‌చెరు రసాయన పరిశ్రమల వ్యర్థజలాలు గొట్టం ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి చేరతాయి. అక్కడి నుంచి వదిలిన నీరు మూసీలో కలిసి నాగోల్ పక్కగా పారుతుంది. దిగువన పీర్జాదిగూడ వైపు రైతులు ఆ మూసీ నీటితోనే పశువులకు పారాగడ్డి పెంచుతూ వచ్చారు. చవక మందుల అసలు ఖర్చులో కొంత వీళ్ల పొలాల మీద పడింది. దాన్ని ఏ ఎగుమతి లెక్కలోనూ రాయరు.

2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ రింగు రోడ్డు లోపలి 22 పారిశ్రామికవాడల్లోని 9,292 ఎకరాలను రుసుము తీసుకుని ఇళ్లకూ కార్యాలయాలకూ మార్చుకోనిచ్చే విధానం తెచ్చింది. నాచారం, ఉప్పల్ వాటిలో ఉన్నాయి. దేశాలు సొంత తయారీ వైపు మళ్లుతున్న వేళ, తయారీ తెలిసిన వాడలను అపార్ట్‌మెంట్లకు వదిలేయడం తప్పు. కాలుష్యం చేసేవాటిని తరలించాలి. ప్రయోగశాలలకూ చిన్న షెడ్లకూ ఇక్కడే చోటు మిగల్చాలి.